లాంబ్డా నెత్తిన చుక్క

పోయిన వారం చుక్కని నోటీసుబోర్డు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. భుజాన సంచీ అలాగే ఉంది, చేతిలో తడి గొడుగు అలాగే ఉంది. గొడుగు చివరి నుంచి కారిన నీళ్లు చెప్పుల చుట్టూ చిన్న మడుగు కట్టాయి. ఊడ్చే ఆమె వచ్చి "కాస్త జరుగమ్మా" అంటే జరిగింది, ఆమె ఊడ్చుకుని వెళ్లాక మళ్లీ వచ్చి అక్కడే నిలబడింది.

బోర్డు మీద ఉన్నది ఒకే ఒక్క కాగితం. ఈరోజు పదకొండు గంటలకి పెద్ద హాలులో ఉపన్యాసం. చెప్పేది సంస్థ డైరెక్టరు, అంటే అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన. విషయం ‘మారుతున్న శూన్యం’. కింద, ఈ పరిశోధనలో ఆయనతో కలిసి పనిచేసింది అల్లుడుగారు అని ఉంది. అల్లుడుగారు అంటే పెద్దసారుకి నిజంగా అల్లుడేం కాదు, అసలు ఆయనకి కూతుళ్లే లేరు. ఆ కుర్రాడికి అక్కడ జరిగే మర్యాదలు చూసి ఒళ్లు మండినవాళ్లెవరో ఆ పేరు పెట్టారు, అది అతుక్కుపోయింది. ఇంకా కిందికి, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో, "శుభ్రప్రతి చక్కగా రాసిపెట్టినందుకు కృతజ్ఞతలు" అంటూ చుక్క అసలు పేరు ఉంది.

శుభ్రప్రతి! మూడేళ్లు తిండీ నిద్రా మానేసి లెక్క కట్టినదానికి దక్కింది ఆ మాట.

లెక్క ఏమిటో కొత్తగా చదివేవాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. ఒక గదిలోంచి బల్లలు తీసెయ్యండి, గాలి తీసెయ్యండి, వెలుతురు తీసెయ్యండి. ఇంకేం మిగల్లేదు కదా. ఆ మిగలనిదానికి కూడా కాస్త బరువుంటుంది. ఎంత? ఇదీ లెక్క. ఎవరు కట్టినా జవాబు అంతూ పొంతూ లేకుండా పెరిగిపోయి నవ్వులపాలవుతోంది. చుక్క కట్టిన దారిలో అది పెరగడం ఆగింది. ఓ చిన్న అంకె దగ్గర బుద్ధిగా నిలబడింది. ఆ దారంతా అట్ట చిరిగిన ఒక గోధుమరంగు నోటుబుక్కులో ఉంది. రెండు నెలల కిందట వాళ్లమ్మకి ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్పించినప్పుడు, "నువ్వెళ్లు, నేనోసారి చూసి పెడతాలే" అని అల్లుడుగారు ఆ పుస్తకం తీసుకున్నాడు. చుక్క తిరిగొచ్చి అడిగితే "ఏ పుస్తకం?" అన్నాడు. తన పుస్తకం ఇప్పించమని ఆమె సంస్థ కమిటీకి అర్జీ పెట్టింది. ఇదీ ఇంతవరకు జరిగింది.

కానీ ఇప్పుడు బోర్డు ముందు ఆమెని కట్టిపడేసింది ఆ శుభ్రప్రతి ఒక్కటే కాదు. ‘మారుతున్న’ అన్న మాట. ఆమె లెక్కలో శూన్యం మారదు. దాని బరువు నిన్న ఎంతో ఇవాళా అంతే, వెయ్యేళ్ల తర్వాతా అంతే. అసలు ఆ లెక్కకున్న అందమే అది. మరి ఇదేమిటి? ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఇది తనది కాదేమో, వాళ్లదేదో వేరే లెక్కేమో, తన పుస్తకం నిజంగానే ఎక్కడో పడిపోయిందేమో! దొంగతనం జరగలేదని తేలితే చాలునని ఎవరైనా కోరుకుంటారా? చుక్క కోరుకుంది. ఈ మూడేళ్లుగా తను రోజూ నమస్కారం పెట్టిన పెద్దసారు దొంగ కాకూడదని గట్టిగా కోరుకుంది.

పదింటికి పెద్దసారు గదికి రమ్మని చీటీ వచ్చింది. వెళ్లింది.

ఆ గది తలుపు దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. మూడేళ్లుగా రోజూ చుక్కని చూస్తున్నాడు, మూడేళ్లుగా రోజూ "కార్డు" అని చెయ్యి చాపుతాడు. మిగతావాళ్లు దర్జాగా లోపలికి పోతారు. చుక్క ఓడవాళ్ల పిల్ల. అంటే, తాతల కాలంలో ఓడల్లో తెచ్చి రేవులో దించిన కూలీల మనవరాలు. ఆ నల్లటి రంగు, ఆ ఒత్తయిన జుట్టు అంత దూరం నుంచే చెప్పేస్తాయి. ఆ సంస్థలో ఆ రంగువాళ్లు ఊడ్చేవాళ్లలో ఉన్నారు, తోటపనిలో ఉన్నారు, సుద్దముక్క పట్టుకున్నవాళ్లలో మాత్రం చుక్క ఒక్కతే. కార్డు తీసి చూపించింది. అతను ఫొటో చూసి, మొహం చూసి, మళ్లీ ఫొటో చూసి, "ఊఁ" అన్నాడు.

లోపల పెద్దసారు ఉన్నారు, కిటికీ గట్టు మీద అల్లుడుగారు ఉన్నాడు.

"రా అమ్మాయ్, కూర్చో. మీ అమ్మగారికి ఎలా ఉంది?"

"ఇంటికి తీసుకొచ్చేశాం సార్. చెయ్యి కొంచెం వణుకుతోంది."

"అయ్యో. కుట్టుపని చేస్తారు కదూ? చెయ్యి వణికితే కష్టమే." నిజంగానే బాధపడ్డారు. ఆయన్ని చెడ్డవాడని ఎవరూ అనరు, అదే వచ్చిన చిక్కు. "సరే, అసలు సంగతికొస్తాను. నీ ఉద్యోగం గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. కమిటీ ఇవాళ మూడింటికి కూర్చుంటోంది. నేనొక్క మాట చెబితే నీకింకో మూడేళ్లు. కానీ నువ్వు పెట్టిన ఆ అర్జీ వాళ్ల ముందుంది. అది ఉండగా నేనేం చెప్పను చెప్పు?"

బల్ల మీదున్న ఒక కాగితాన్ని వేలితో ఇటువైపు జరిపారు. అందులో నాలుగే వాక్యాలు. అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పేపరుకి శుభ్రప్రతి రాసింది నేను. మూలంలో ఉన్నది ఉన్నట్టు దించడం తప్ప లెక్కలో నాకు భాగం లేదు. ఇష్టపూర్వకంగా రాసిస్తున్నాను.

"సార్, అది నా లెక్క."

"ఏదీ, పుస్తకం చూపించు."

"పుస్తకం ఆయన తీసుకున్నారు."

"నేనా?" అన్నాడు అల్లుడుగారు, చొక్కా మీద కాఫీ ఒలికిందని ఎవరో చెప్పినట్టు. "నువ్వు ఇచ్చావని నువ్వంటావు, నేను పుచ్చుకోలేదని నేనంటాను. దీనికి అంతెక్కడుంది?"

ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, ఒకే రోజున ఉద్యోగంలో చేరారు. అయినా అతను నువ్వంటాడు, ఈమె మీరంటుంది. మొదటిరోజు ఎలా కుదిరిందో అలాగే ఉండిపోయింది.

"చూడమ్మా," అన్నారు పెద్దసారు, గొంతు బాగా తగ్గించి. "నీకు నచ్చజెప్పేవాళ్లెవరూ లేరు, నేనే చెప్పాలి. మీవాళ్లకి చేతివాటం ఎక్కువ..."

చుక్క చివ్వున తలెత్తింది.

"ఛ ఛ, ఆ అర్థంలో కాదు. పనితనం అంటున్నాను. నీ రాత చూస్తే ముచ్చటేస్తుంది. ఎంత పొడుగు లెక్కయినా విసుక్కోకుండా చేస్తావు. కానీ ఇలాంటి ఆలోచన ఉంది చూశావూ, ఇది కష్టపడితే వచ్చేది కాదు. నాలుగు తరాలు పుస్తకాల మధ్య పెరిగిన ఇంట్లో ఎప్పుడో ఒకరికి తడుతుంది. నువ్వు ఆ చర్చల్లో కూర్చున్నావు, విన్నావు, రాసుకున్నావు. రాసుకోగా రాసుకోగా అది నీదే అనిపించింది. నేను తప్పు పట్టను. మనిషన్నాక అనిపిస్తుంది."

చుక్కకి అరవాలని ఉంది, అరిస్తే "చూశారా, వాళ్ల తీరే అంత" అంటారు. ఏడవాలని ఉంది, ఏడిస్తే గ్లాసుతో నీళ్లిస్తారు. ఏ మాట అన్నా ఆ మాట తనొక్కదానిది కాదు, రేవు దగ్గర ఇరుకిరుకు ఇళ్లలో ఉన్న అందరిదీ అయిపోతుంది. అల్లుడుగారు తప్పు చేస్తే అతనొక్కడే చేసినట్టు. చుక్క తప్పు చేస్తే ఓడవాళ్లంతా చేసినట్టు. ఈ కొలత ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు గానీ, ఆ సంస్థలో ఇంత కచ్చితమైన కొలత ఇంకోటి లేదు.

"సంతకం పెట్టకపోతే?" అంది.

"పెట్టకపోతే కమిటీ ఏం చేస్తుందో నా చేతుల్లో లేదు. ఇంకోచోటికి వెళతానంటే నేను ఆపను. ఎవరు తీసుకుంటారో మాత్రం నాకు తెలీదు."

ఎవరూ తీసుకోరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. చుక్క ఆ కాగితం వంక చూస్తూ కూర్చుంది. ఇంకో మూడేళ్లంటే ఇంకో లెక్క చేసుకోవచ్చు. ఈసారి ఎవరికీ ఇవ్వకుండా, పుస్తకం తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. ఒక బిడ్డని అప్పజెప్పేసి, పోనీలే ఇంకో బిడ్డని కనొచ్చు అని ఏ తల్లయినా అనుకుంటుందా? చుక్క అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, అసహ్యం వేస్తుండగానే కలం తీసింది, సంతకం పెట్టేసింది.

పెద్దసారు ఆ కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. గదిలో గాలి ఒక్కసారిగా తేలికైంది. అందరూ అమ్మయ్య అనుకున్నారు, చుక్క తప్ప. అల్లుడుగారు గట్టు దిగి, హాయిగా ఒళ్లు విరుచుకుని, నోరు జారాడు.

"ఏదేమైనా నీ చుక్కలతో చచ్చాను తల్లీ! వరుసవరుసకీ లాంబ్డా నెత్తిన ఓ చుక్క. టైపు చేసేసరికి వేళ్లు పడిపోయాయి."

పెద్దసారు దగ్గారు. అల్లుడుగారు నాలిక కరుచుకున్నాడు. చుక్క మాత్రం నెమ్మదిగా అడిగింది.

"ఏ చుక్కలు?"

బల్ల చివర పేపరు ఉంది. ఎవరైనా వద్దనేలోపు తీసుకుంది. మొదటి పేజీ, రెండో పేజీ, మూడో పేజీ. తన లెక్కే. అక్షరం పొల్లుపోకుండా, మక్కీకి మక్కీ తన లెక్కే. ప్రతి వరుసా లాంబ్డా దగ్గర ముగుస్తుంది. లాంబ్డా అంటే ఆ శూన్యం బరువుకి పెట్టుకున్న గుర్తు. ఆ లాంబ్డా నెత్తిన చిన్న చుక్క.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. భౌతికశాస్త్రం చదివినవాళ్లెవరైనా సరే, అక్షరం నెత్తిన చుక్క కనబడితే ఒకటే అర్థం చేసుకుంటారు. అది కాలంతోపాటు మారుతోంది, ఆ మారే వేగం ఇది, అని. చుక్క మాత్రం జన్మలో ఆ అర్థంలో చుక్క వాడలేదు. కాలంతో వచ్చే మార్పుని భిన్నంలా పైనొకటి కిందొకటి పెట్టి పూర్తిగా, పొడుగ్గా రాస్తుంది. ఎందుకంటే ఆ గుర్తుకి ఆమె ఇంట్లో ముందే వేరే పని ఉంది.

వాళ్లమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుట్టు అయిపోయాక బట్టని తిరగేసి ఒకసారి లాగి చూస్తుంది, బోర్లించి ఇంకోసారి లాగి చూస్తుంది. రెండుసార్లూ నిలిచిన కుట్టు చివర సుద్దతో ఓ చుక్క పెడుతుంది. "చుక్క పడని బట్ట మన గుమ్మం దాటకూడదే" అంటుంది. పిల్లప్పుడు ఆ చుక్కలు పెట్టే పని కూతురిదే. చుక్క అన్న పేరు వచ్చింది కూడా అందుకే. పెద్దయ్యాక లెక్కలు చేస్తున్నా ఆ అలవాటు పోలేదు. ఒక వరుసని పైనుంచి కిందికొకసారి, కిందినుంచి పైకొకసారి సరిచూసుకుంటుంది. రెండుసార్లూ నిలిస్తే, చివరి అక్షరం నెత్తిన చుక్క. అంతే. సరిచూశాను అని దాని అర్థం.

అల్లుడుగారు దాన్ని శూన్యం మారుతోందని చదువుకున్నాడు! పెద్దసారు దాని చుట్టూ ఓ సిద్ధాంతం అల్లారు. దేశదేశాల నుంచి పెద్దమనుషుల్ని పిలిచారు. ఖాళీకున్న బరువు క్షణక్షణం మారిపోతోందని ఇంకో గంటలో లోకానికి చాటబోతున్నారు. దేన్ని చూసి? ఒక దర్జీ ఆవిడ సుద్దచుక్కని చూసి.

చుక్కకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఏడుపులాంటి నవ్వు, పొట్ట పట్టుకుని వంగిపోయి నవ్వింది.

"ఏమైంది? ఎందుకలా నవ్వుతున్నావు?" పెద్దసారు లేచి నిలబడ్డారు.

చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? గంట టైముంది. చుక్కలన్నీ తుడిచేస్తారు. అప్పుడు లెక్క సరైనదవుతుంది, సరైన లెక్క వాళ్లదవుతుంది. చెప్పకపోతే నలుగురిలో నవ్వులపాలవుతారు. కానీ కోటు జేబులో తన సంతకం ఉంది కదా! ఆ మాట గుర్తుకురాగానే నవ్వు గొంతులోనే చచ్చిపోయింది.

"ఏం లేదు సార్. ఆ కాగితం ఒక్కసారి ఇస్తారా?"

"ఇప్పుడెందుకు? అయిపోయిందిగా." ఆయన పేపరు ఆమె చేతిలోంచి లాక్కున్నారు. చుక్క చూసింది ఆ మూడు పేజీలే. "వెళ్లు, మొహం కడుక్కో. హాలులో వెనక వరసలో కూర్చో."

హాలు గుమ్మం దగ్గర ముఖ్య అతిథి ఎదురైంది. డెబ్బై దాటిన పెద్దావిడ. ఆవిడ పేరు చెబితే ఈ శాస్త్రంలో ఉన్నవాళ్లు లేచి నిలబడతారు. వానకి కోటు ముద్దయిపోయింది. తలుపు పక్కన నల్లటి ఆడపిల్ల నిలబడి ఉంటే, ఇక ఆవిడకి సందేహమేముంటుంది? కోటు విప్పి చుక్క చేతుల్లో పెట్టేసింది.

"కాస్త ఎక్కడైనా ఆరేసి పెట్టమ్మా."

ఆవిడ రాసిన పుస్తకాల్ని చుక్క చిరిగిపోయేదాకా చదివింది. ఆవిడతో ఒక్క మాట మాట్లాడాలని ఎన్నేళ్లుగానో అనుకుంటోంది. నోరు తెరిచింది. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. అలా ఆ తడి కోటు ఒళ్లో పెట్టుకునే చుక్క వెనక వరసలో కూర్చుంది, చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నా.

పెద్దసారు పాతకాలపు మనిషి. తెర మీద బొమ్మలు ఆయనకి గిట్టవు. నల్లబల్ల మీద సుద్దముక్కతో గుండ్రటి దస్తూరీలో ఒక్కో వరుసా రాసుకుంటూ పోయారు. మాట్లాడితే వినబుద్ధేసే గొంతు ఆయనది. పన్నెండు వరుసలు రాసి, చేతులు దులుపుకుని, ఇటు తిరిగారు.

"అంటే, శూన్యం నిశ్చలంగా లేదు. మారుతోంది."

చప్పట్లు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో పెద్దావిడ మాత్రం చెయ్యి కదపలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగి, చెయ్యెత్తింది.

"నాకొక చిన్న సందేహమండీ. మూడో వరుస చూడండి. ఎడమవైపున్నది బరువు. కుడివైపున్నది బరువు మారే వేగం. ఊరు ఎంత దూరమని అడిగితే బండి ఎంత జోరుగా పోతోందో చెప్పినట్టుంది. ఈ రెండూ సమానమెలా అయ్యాయి?"

పెద్దసారు బల్ల వంక చూశారు. ఇంకోసారి చూశారు. "అంటే, అక్కడ మేం కొలతల్ని... ఒక స్థిరాంకం అందులో కలిసి..." అని నీళ్లు నమిలారు. ఆయన మెడ మీద చెమట వెనక వరసలోకి కూడా కనబడింది. ఆయన్ని అలా చూస్తే తనకి సంతోషం వేస్తుందని చుక్క అనుకుంది, వెయ్యలేదు. భయం వేసింది.

ఆ భయం ఊరికే వేయలేదు. అల్లుడుగారు లేచాడు.

"క్షమించాలి. అది మా పొరపాటు కాదండీ. ఆ చుక్కలు మూలంలో లేవు. శుభ్రప్రతి రాసిన అమ్మాయి చేసిన తప్పు. లెక్క తెలియక ఎక్కడపడితే అక్కడ చుక్కలు పెట్టేసింది. మేం నమ్మి చూసుకోలేదు, అంతే." గుక్క తిప్పుకోకుండా అనేశాడు. "రాసింది తనేనని సంతకం కూడా పెట్టింది. సారు జేబులో ఉంది."

ఒక్క ముక్కతో ఎంత తెలివిగా బయటపడ్డాడో చూడండి! చుక్కలు తుడిచేస్తే సరి, లెక్క వాళ్లదే, తప్పు ఓడవాళ్ల పిల్లది. మొదటి వరస నుంచి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నూట యాభై మొహాలు. అందులో కోపమేం లేదు. "పోనీలే, వాళ్లకేం తెలుసు" అన్న జాలి ఉంది. ఆ జాలికి చుక్కకి ఒళ్లంతా మంటెత్తింది.

పెద్దసారు జేబులోంచి కాగితం తీశారు. చదవలేదు, ఊరికే పైకెత్తి చూపించారు.

"ఎవరా అమ్మాయి?" అంది పెద్దావిడ, కళ్లద్దాలు సర్దుకుంటూ.

చుక్క లేచి నిలబడింది. చేతుల మీద ఆవిడ కోటే ఉంది. పెద్దావిడ ఆ కోటునీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. మొహం ఎర్రబడింది.

"ఆ చుక్కలు నువ్వే పెట్టావా అమ్మా?"

లేదంటే? లేదంటే తప్పు పోతుంది, దాంతోపాటు ఆ లెక్క కూడా పోతుంది, శాశ్వతంగా. అవునంటే నూట యాభైమంది ముందు తప్పు ఒప్పుకున్నట్టు. మూడింటికి కమిటీ ఉంది. ఇంట్లో వణికే చెయ్యి ఉంది. అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఏదీ నిలబడలేదు. నిలబడింది ఒక్కటే, పిల్లప్పుడు వేళ్లకంటిన సుద్ద.

"నేనే పెట్టానండీ," అంది. "ప్రతి ఒక్కటీ నేనే పెట్టాను."

హాలులో గుసగుసలు లేచాయి. అల్లుడుగారు ‘చూశారా’ అన్నట్టు చేతులు విప్పాడు. చుక్క వరసల మధ్య దారిలోకి వచ్చి, అతని వరస దగ్గర ఆగి, ఆ తడి కోటు అతని ఒళ్లో పెట్టింది. "కాస్త ఇది ఆరేసి పెట్టు" అంది. నువ్వనే అంది. మూడేళ్లలో మొదటిసారి.

బల్ల దగ్గరికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు.

"ఆ చుక్క మార్పు కాదండీ. మా అమ్మ బట్టలు కుడుతుంది. రెండుసార్లు లాగి చూసిన కుట్టు మీద చుక్క పెడుతుంది. నేనూ అంతే. ఈ వరుసని రెండుసార్లు సరిచూశాను అని నాకోసం నేను పెట్టుకున్న గుర్తది. శూన్యం మారట్లేదు. దాని బరువు ఇంతేనని, ఇంతే ఉంటుందని నా లెక్క. నా పుస్తకంలో ఉంది. మూలంలో చుక్కలు లేవని ఆయనన్నారు కదా. మరి మూలం తెప్పించండి, చూద్దాం."

అల్లుడుగారు ఆ కోటు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాడు. పెద్దసారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు. పెద్దావిడ లేచి, కర్ర ఊతంతో నెమ్మదిగా మెట్లెక్కి, బల్లకి దగ్గరగా వచ్చింది. ఎంతసేపు చూసిందో! పెదాలు కదులుతున్నాయి, వేలు వరుసవరుసా కిందికి దిగుతోంది.

"చుక్కలు తీసేస్తే కొలతలు కుదురుతున్నాయి," అంది చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. చుక్కకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మూడేళ్లలో ఆ లెక్కని ఒకరు చదవగా చూడటం అదే మొదలు.

ఆవిడ వేలు ఉన్నట్టుండి ఆగింది.

"చుక్క ఉంటే రెండుసార్లు సరిచూసినట్టు. అంతేగా అమ్మా?"

"అంతేనండీ."

"మరి తొమ్మిదో వరుసకి లేదేం?"

చుక్క గబుక్కున బల్లవైపు తిరిగింది. ఎనిమిదికి ఉంది. పదికి ఉంది, పదకొండుకి ఉంది, పన్నెండుకి ఉంది. తొమ్మిదో వరుస చివర లాంబ్డా నెత్తిన ఏమీ లేదు. పొద్దున తను చూసిన మూడు పేజీల్లో తొమ్మిదో వరుస రానే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందటి ఆ పూట. చిక్కుముడిలా ఉందని తొమ్మిదిని పక్కనబెట్టి, అది నిలుస్తుందిలే అనుకుని కింది మూడూ ముందు సరిచూసేసింది. తొమ్మిదికి వెనక్కి వచ్చి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. రెండోసారి మొదలుపెట్టబోతుంటే ఫోను మోగింది. అమ్మ మిషను మీదే వాలిపోయిందని పక్కింటావిడ. పుస్తకం మూసేసింది. మళ్లీ ఆ పుస్తకం తెరిచే అదృష్టం దొరకలేదు. పన్నెండో వరుస పదకొండు మీద ఆధారపడుతుంది, పదకొండు పది మీద, పది తొమ్మిది మీద.

వెనక ఎవరో దగ్గారు. అల్లుడుగారి మొహంలోకి రంగు తిరిగొస్తోంది. పెద్దావిడ గట్టు మీదున్న సుద్దముక్క తీసి, చుక్క అరచేతిలో పెట్టింది.

"లెక్క నీదే అంటున్నావుగా. సరిచూడు, ఇక్కడే, మా అందరి ముందు."

చుక్క సుద్దముక్క పట్టుకుని తొమ్మిదో వరుస ముందు నిలబడింది. అది నిలుస్తుందో పిగిలిపోతుందో ఆ హాలులో ఎవరికీ తెలియదు, చుక్కకి కూడా.